మంజీర ఎటు పారుతుంది?

"మీ ఊరి నది ఏది?" అని మన క్లాసులో ఎవరినైనా అడిగి చూడండి. భద్రాచలం అమ్మాయి గోదావరి అంటుంది, గద్వాల అబ్బాయి కృష్ణా అంటాడు. ఆలోచించాల్సిన పనే ఉండదు. నేను మంజీర అంటే మాత్రం సగం మంది "అది కూకట్‌పల్లిలో మాల్ కదా!" అంటారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లు కూడా అట్లనే అంటారు. చిన్నప్పుడు నగరంలో నల్లాల్లో వచ్చిన నీళ్లలో ఆ నదివి కూడా ఉన్నాయని వాళ్లకు తెలియదు.

మాది బాన్సువాడ. ఇప్పుడు కామారెడ్డి జిల్లా, 2016 దాకా నిజామాబాద్ జిల్లా. సివిల్ చదువుతున్నాను కాబట్టి మన పత్రికకు ఈసారి కథ కాకుండా ఒక పాఠం రాస్తానని చెప్పిన. ఇది మా నది పాఠం. కొన్ని లెక్కలు ఉంటాయి. భయపడకండి, ఎమ్‌సెట్ రాసినవాళ్లకు అవి పెద్ద కష్టం కావు.

పాఠంలో నేను చెప్పదలచుకున్న మాట ముందే చెప్తా. మంజీరను వందేళ్లుగా మనుషులు మారుస్తూ వచ్చారు. ప్రతి మార్పూ ఎక్కడో ఒకచోట కరువు తీర్చింది. తీరిన కరువు మాయమైపోలేదు, ఇంకో ఊరికి నడిచిపోయింది. అది ఏ ఊరికి పోయిందో లెక్క రాసిపెట్టడం ఇంజనీరు పనిలో భాగమే అని నా వాదన.

ముందు పటం

మంజీర మహారాష్ట్రలోని బీడ్ జిల్లా, పాటోదా తాలూకాలో బాలాఘాట్ కొండల్లో పుడుతుంది. అక్కడి ఎత్తు 823 మీటర్లు. మొత్తం పొడవు 724 కిలోమీటర్లు, పరీవాహక ప్రాంతం 30,844 చదరపు కిలోమీటర్లు. లాతూరు జిల్లా మీదుగా, కర్ణాటకలో బీదర్ జిల్లా మీదుగా వచ్చి సంగారెడ్డి జిల్లాలో తెలంగాణలోకి అడుగుపెడుతుంది. దారిలో తేర్నా, కారంజా లాంటి ఉపనదులు కలుస్తాయి. మహారాష్ట్రలో దీన్ని మాంజరా అంటారు.

ఇక్కడిదాకా నది నడక తూర్పుకు, ఆగ్నేయానికి. ఇట్లనే పోతే ఏ కృష్ణలోనో కలవాలి అనిపిస్తుంది. కానీ సంగారెడ్డి దగ్గర అది తిరుగుతుంది. ఉత్తరానికి మళ్లి, మెదక్ దగ్గర ఏడుపాయల వనదుర్గమ్మ గుడి చుట్టూ ఏడు పాయలుగా చీలి, మళ్లీ ఒక్కటై, హల్దీ వాగును కలుపుకొని వాయవ్యంగా మా వైపు వస్తుంది. నిజాంసాగర్ దాటి, బాన్సువాడకు పడమటి దిక్కున బీర్కూర్ మీదుగా, కొంతదూరం మహారాష్ట్రతో సరిహద్దు గీతగా మారి, బోధన్ అవతల కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. హరిద్ర కూడా అక్కడే కలుస్తుందని ఆ జాగాను త్రివేణి సంగమం అంటారు. పటంలో చూస్తే అచ్చం దబ్బనం వంగినట్టు, వచ్చిన దిక్కుకే తిరిగి పోతుంది.

రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, పై భాగమంతా నల్లరేగడి భూములు. వాన తక్కువ, కానీ పడితే ఒక్కసారే పడుతుంది, మట్టి కొట్టుకొస్తుంది. రెండు, ఆ మలుపు దగ్గర నది హైదరాబాద్‌కు బాగా దగ్గరగా వస్తుంది. మంజీర వందేళ్ల కథంతా ఈ రెండింటి నుంచే పుట్టింది.

కొలతల భాష

పేపర్లలో "టీఎంసీ" అని రోజూ చదువుతాం. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. లీటర్లలో 2,831 కోట్లు. ఒక ఎకరం మీద ఒక అడుగు ఎత్తు నీళ్లు నిలబెడితే దాన్ని ఎకరా అడుగు అంటారు. ఒక టీఎంసీలో దాదాపు 22,957 ఎకరా అడుగులుంటాయి.

వరికి యాసంగిలో వానల సాయం ఉండదు. కాల్వలో ఇంకిపోయేది కూడా కలుపుకొని తక్కువలో తక్కువ 4 అడుగుల నీళ్లు కావాలనుకుందాం. అప్పుడు ఒక టీఎంసీకి పారేది సుమారు 5,700 ఎకరాలు. ఈ 5,700ను గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వాడతాం.

మొదటి మార్పు: కట్ట

మంజీర నీళ్లను మళ్లించడం నిజాంసాగర్‌తోనే మొదలు కాలేదు. ఏడుపాయలకు దగ్గర్లో ఘనపురం ఆనకట్టను 1905లోనే కట్టారు. దాని కాల్వలకు మహబూబ్ నహర్, ఫతే నహర్ అని పేర్లు. కానీ అది చిన్న ఆనకట్ట, నీళ్లను పక్కకు తిప్పేదే తప్ప పెద్దగా నిల్వ చేసేది కాదు.

అసలు మార్పు 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్. అచ్చంపేట దగ్గర నదికి అడ్డంగా రాతి కట్ట. పొడవు సుమారు మూడు కిలోమీటర్లు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలం. పని నడిపించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజు జూలై 11నే తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుకొంటున్నాం. కట్టినప్పుడు నిల్వ సామర్థ్యం 29.7 టీఎంసీలు, లక్ష్యంగా పెట్టుకున్న ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు.

ఆ కట్టతో మా దిక్కు బతుకే మారింది. బాన్సువాడ, వర్ని, కోటగిరి, బోధన్ మీదుగా కాల్వ పోయింది. వరి వచ్చింది, చెరుకు వచ్చింది. చెరుకు ఉంది కాబట్టి 1930ల చివర్లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో దాని పేరు చెప్పేవాళ్లు. కాల్వ నీళ్లు చూసి కోస్తా నుంచి రైతులు బండ్లు కట్టుకొని వచ్చి భూములు కొన్నారు. అందుకే మా దగ్గర పేరు చివర "క్యాంపు" అని ఉన్న ఊళ్లు కనిపిస్తాయి. మా స్కూల్లో ఒకే బెంచీ మీద "గిట్ల చేస్తరా" అనేవాడూ, "ఇలా చేస్తారేంటండీ" అనేవాడూ కూర్చునేవాళ్లు. మా ఊరి భాష, మా ఊరి తిండి, మా ఊరి పెళ్లి సంబంధాలు, అన్నిట్లో ఆ కాల్వ ఉంది.

ఇదంతా కట్ట ఇచ్చింది. తీసుకుంది కూడా ఉంది. జలాశయం కింద పల్లెలు మునిగిపోయాయి. అక్కడి మనుషులు ఇల్లూ పొలమూ వదిలి వేరే ఊళ్లకు పోయారు. మా ఆయకట్టులో పండిన ప్రతి గింజకూ మొదటి పెట్టుబడి వాళ్లదే. దాన్ని ఎవరూ ఖాతాలో రాసుకోలేదు.

530, 8,725

ఇప్పుడు ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే రెండు అంకెలు. మన దేశంలో జలాశయాల పూడిక గురించి చెప్పేటప్పుడు తరచూ వచ్చే పట్టిక ఒకటుంది. భాక్రా, తుంగభద్ర లాంటి పేర్ల మధ్య అందులో నిజాంసాగర్ కూడా ఉంటుంది. కట్టేటప్పుడు ఏటా 530 ఎకరా అడుగుల పూడిక వస్తుందని అంచనా వేశారు. తర్వాత కొలిస్తే వచ్చింది ఏటా 8,725 ఎకరా అడుగులు. అంటే అంచనాకు పదహారు రెట్లకు పైన.

కాలిక్యులేటర్ తీయండి. 29.7 టీఎంసీలంటే దాదాపు 6.82 లక్షల ఎకరా అడుగులు. 530తో భాగిస్తే 1,286 ఏళ్లు. అంటే ఆ అంచనా ప్రకారం ఈ జలాశయం కాకతీయుల కంటే ముందు కట్టినా ఇంకా పని చేస్తూనే ఉండాలి. 8,725తో భాగించండి. 78 ఏళ్లు. ఒక మనిషి ఆయుష్షు.

నిజంగా 78 ఏళ్లకు అది నిండిపోలేదు. దానికి కారణాలున్నాయి. పూడిక ఎప్పుడూ ఒకే వేగంతో రాదు. తర్వాత పైన ఇంకో జలాశయం వచ్చి మట్టిని అక్కడే ఆపింది. ఇక్కడేమో పూర్తిస్థాయి నీటిమట్టాన్ని 1,402 అడుగుల నుంచి 1,405 అడుగులకు పెంచి పోయిన జాగాను కొంత రాబట్టుకున్నారు. అంత చేసినా ఇప్పటి సామర్థ్యం 17.8 టీఎంసీలు. దాదాపు 12 టీఎంసీల జాగాలో నీళ్లకు బదులు మరాఠ్వాడా, బీదర్ రేగడి మట్టి ఉంది.

ఇప్పుడు 5,700ను వాడదాం. 29.7 టీఎంసీలతో, ఒక్క నింపుతో, 1.7 లక్షల ఎకరాల వరి పారేది. 17.8తో లక్ష ఎకరాల పైచిలుకే. మధ్యలో పోయిన 68 వేల ఎకరాలు ఎవరివి? వర్షం ఎక్కువ పడిన ఏడాది ఎవరివీ కావు. తక్కువ పడిన ఏడాది మాత్రం కాల్వ చివర ఉన్నవాళ్లవి.

అంచనా వేసిన ఇంజనీర్లను తప్పుపట్టడానికి ఇది చెప్పట్లేదు. 1920ల్లో ఈ నదిలో ఎంత మట్టి కొట్టుకొస్తుందో కొలిచిన ఏళ్ల లెక్కలు లేవు. తర్వాత పైన అడవులు తగ్గి, దున్నిన భూమి పెరిగితే మట్టి ఇంకా పెరుగుతుందని ఊహించడమూ కష్టమే. కానీ ఒక్క వరుసలో రాసిన ఒక్క అంకె తొంభై ఏళ్ల తర్వాత ఎవరి పొలంలో ఎండిపోయిన వరిగా తేలుతుందో చూడండి. మన డిజైన్ ల్యాబులో "విలువ ఊహించుకోండి" అని రాసినప్పుడల్లా నాకు ఈ 530 గుర్తొస్తుంది.

రెండో మార్పు: నగరం దాహం

మూసీ వరద 1908లో వచ్చాక హైదరాబాద్‌కు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారని మనందరికీ తెలుసు. నగరం పెరిగింది, అవి సరిపోలేదు. అప్పుడు మలుపు దగ్గర దగ్గరగా వచ్చే మంజీర కంటపడింది. సంగారెడ్డి దగ్గర కల్పగూరులో బ్యారేజీ కట్టి 1965లో మొదటి దశ, 1981లో రెండో దశ నీళ్లు తెచ్చారు. తర్వాత ఇంకా పైన సింగూరు దగ్గర పెద్ద కట్ట కట్టారు. సామర్థ్యం దాదాపు 30 టీఎంసీలు. దానికోసం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక 1975లో ఒప్పందం చేసుకున్నాయి. 1980లో వచ్చిన గోదావరి జల వివాదాల ట్రిబ్యునల్ తీర్పులో అది చేరింది. సింగూరు నుంచి 1991లో మూడో దశ, 1993లో నాలుగో దశ నీళ్లు నగరానికి వచ్చాయి.

నాలుగు దశలూ కలిపితే రోజుకు 120 మిలియన్ గ్యాలన్లు. ఏడాదికి లెక్కేస్తే దాదాపు 7 టీఎంసీలు. మన లెక్కలో 40 వేల ఎకరాల యాసంగి వరి.

తాగే నీళ్లకూ పంట నీళ్లకూ పోటీ పెట్టొద్దు అని మీరంటే ఒప్పుకుంటా. తాగే నీళ్లే ముందు. నేను ఇక్కడ హాస్టల్లో ఉంటూ వేరేగా ఎట్లా అంటాను? కానీ సింగూరు నిండాకే నిజాంసాగర్‌కు నీళ్లు అనే పరిస్థితి అప్పుడు మొదలైంది. సింగూరు నుంచి నిజాంసాగర్‌కు, ఘనపురానికి ఇంతింత వదలాలని వాటాలు రాసి ఉన్నాయి. కాగితం మీద వాటా ఉండటం వేరు, నీళ్లు నారుమడి దాకా రావడం వేరు. యాసంగిలో మా దిక్కు పేపరు తెరిస్తే ముందు చూసేది సింగూరులో ఎన్ని టీఎంసీలున్నాయనే. శివరాత్రికి ఏడుపాయల జాతరలో భక్తులు మునగడానికి కూడా పైనుంచి నీళ్లు వదలమని అడుక్కోవాల్సి వస్తుంది. నది తనంతట తను పారే రోజులు ఏడాదిలో కొన్నే మిగిలాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే లెక్క ఒకవైపే అవుతుంది. ఆ బ్యారేజీ వల్ల నిలిచిన నీళ్లలో మొసళ్లు, వలస పక్షులు చేరాయి. 1978లో దాన్ని మంజీరా అభయారణ్యంగా ప్రకటించారు. మనిషి మార్చిన చోటల్లా అంతా నష్టమే అనుకోవడం కూడా సోమరితనమే.

మూడో మార్పు: ఇంకా పైన

సింగూరు మా పైన ఉంటే, సింగూరు పైన కర్ణాటక ఉంది, దాని పైన మహారాష్ట్ర. బీడ్ జిల్లా ధనేగావ్ దగ్గర మాంజరా ప్రాజెక్టు ఉంది. లాతూరు పట్టణానికి తాగునీళ్లు అక్కణ్నుంచే. చుట్టూ చెరుకు తోటలు, చక్కెర మిల్లులు.

2016 ఎండకాలం గుర్తుందా? మనం అప్పుడు చిన్న క్లాసుల్లో ఉన్నాం. ధనేగావ్ ఎండిపోయింది. ఏప్రిల్ 12న మిరజ్ నుంచి లాతూరుకు నీళ్ల రైలు వచ్చింది. మొదటి రైల్లో పది ట్యాంకులు, 5 లక్షల లీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం లాతూరులో 3.8 లక్షల మంది. అంటే తలకు లీటరున్నర కూడా రాదు. మిరజ్ ఉన్నది కృష్ణా తీరంలో. మంజీర పుట్టినచోట మంజీర లేక, కృష్ణా నీళ్లు రైలెక్కి వచ్చాయి.

అదే ఎండకాలం సింగూరు అడుగంటింది, నిజాంసాగర్‌లో నెర్రెలు బారిన నేల కనపడింది. బోధన్ షుగర్ ఫ్యాక్టరీ అంతకు కొన్ని నెలల ముందే, 2015 డిసెంబరులో మూతపడింది. దానికి వేరే కారణాలూ ఉన్నాయి కానీ చెరుకు తగ్గడం కూడా ఆ కథలో ఉంది. మళ్లీ అదే ఏడాది సెప్టెంబరులో వానలు దంచికొట్టాయి. లాతూరు వైపు వరదలొచ్చాయి, సింగూరు నిండింది, నిజాంసాగర్ నిండి గేట్లు ఎత్తారు. ఏప్రిల్‌లో రైలు, సెప్టెంబరులో వరద. ఇదే మంజీర స్వభావం. కట్టలు కట్టింది ఈ రెండింటి మధ్య తేడాను సరిచేయడానికే. నిల్వ జాగా తగ్గేకొద్దీ ఆ పని చేసే బలం కూడా తగ్గుతుంది.

కాల్వ మొదలు, కాల్వ చివర

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్న పొలం బాన్సువాడ దగ్గర, అంటే కాల్వ మొదట్లో. మా మేనమామ పొలం బోధన్ అవతల, కాల్వ చివర. ఒకే కాల్వ, ఒకే కట్ట, ఒకే కుటుంబం. నీళ్లు సరిపోని ఏడాది పండుగకు అందరం కలిసినప్పుడు మాట తప్పకుండా ఇటే మళ్లుతుంది.

మామ అంటాడు, "బావా, మీ దగ్గర మడి నిండి పొర్లి వాగులోకి పోతది. మా దగ్గర పొట్టకొచ్చిన వరికి తడి లేదు."

నాన్న అంటాడు, "నేనేమన్న నీ నీళ్లు దాచుకున్ననా బామ్మర్దీ? తూము తెరిచేటిది లష్కరు. వచ్చినప్పుడు పెట్టుకోకపోతే మళ్లెప్పుడొస్తయో ఎవడు చెప్తడు?"

ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. వంతుల ప్రకారం నీళ్లు వదులుతున్నప్పుడు ముందున్నవాడికి నమ్మకం లేకపోతే అవసరానికి మించి పెట్టుకుంటాడు. అది దురాశ కాదు, భయం. ఆ భయం ఖరీదు చివరివాడు కడతాడు. కాల్వకు ఎంత సిమెంటు పూసినా ఈ భయాన్ని పూడ్చలేం. రేపు ఎన్ని గంటలకు, ఎంత ఎత్తు నీళ్లు వస్తాయో చెప్పి, చెప్పినట్టు ఇస్తే మాత్రం తగ్గుతుంది. సివిల్ వాళ్లతోపాటు కంప్యూటర్స్ వాళ్లకూ ఇందులో పని ఉంది.

చివరి ఆయకట్టుకు ప్రభుత్వం ఇంకో దారి చూపింది. అలీసాగర్, గుత్ప ఎత్తిపోతల పథకాలతో గోదావరి నుంచి, శ్రీరాంసాగర్ బ్యాక్‌వాటర్ నుంచి నీళ్లు తోడి నిజాంసాగర్ కాల్వ చివరి పొలాలకు ఇస్తున్నారు. మామ పొలానికి ఇప్పుడు కొంత ఊపిరి. కానీ గమనించండి, పైనుంచి వాలుకు ఊరికే రావాల్సిన నీళ్లకు బదులు కిందినుంచి కరెంటు పెట్టి తోడుతున్నాం.

నాలుగో మార్పు: నది గుండ్రంగా తిరిగింది

2021 ఏప్రిల్ 6న ఇంకా పెద్ద విచిత్రం జరిగింది. కాళేశ్వరం ఎత్తిపోతల్లో భాగమైన కొండపోచమ్మ సాగర్ నుంచి వర్గల్ మండలం అవుసులపల్లి దగ్గర హల్దీ వాగులోకి గోదావరి నీళ్లు వదిలారు. మండుటెండలో వాగు పారింది. ఆ నీళ్లు చెక్‌డ్యాములు నింపుకుంటూ హల్దీ నుంచి మంజీరలోకి, మంజీర నుంచి నిజాంసాగర్‌కు చేరాయి. జనం పూలు చల్లి దండం పెట్టుకున్నారు. ఎండకాలంలో ఎండిన నదిలో నీళ్లు చూడటం ఎంత సంతోషమో మా దిక్కు పుట్టినవాళ్లకు తెలుస్తుంది.

ఇప్పుడు పటంలో వేలు పెట్టి నడవండి. నిజాంసాగర్ దాటిన మంజీర బొట్టు కందకుర్తిలో గోదావరిలో కలుస్తుంది. శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి దాటి మేడిగడ్డ దాకా పోతుంది. అక్కడ మోటర్లతో పైకి ఎత్తితే మెట్టు మెట్టుగా కొండపోచమ్మకు, అక్కణ్నుంచి హల్దీకి, హల్దీ నుంచి మళ్లీ మంజీరకు. నది గుండ్రంగా తిరిగింది! ఇది ఇంజనీరింగ్ అద్భుతమే, కాదనను. కానీ అద్భుతానికి కూడా బిల్లు వస్తుంది.

మేడిగడ్డ నీటిమట్టం 100 మీటర్లు, కొండపోచమ్మది 618 మీటర్లు. తేడా 518 మీటర్లు. ఒక టీఎంసీ బరువు 2.83 కోట్ల టన్నులు. ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు మూడింటినీ గుణిస్తే దాదాపు 4 కోట్ల యూనిట్లు. మోటర్ల సామర్థ్యం 80 శాతం అనుకుంటే 5 కోట్ల యూనిట్లు. ఆ టీఎంసీ 5,700 ఎకరాలకు పారితే ఎకరానికి సుమారు 8,800 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు అనుకుంటే ఎకరానికి 52 వేలు దాటుతుంది. ఎకరాకు 24 క్వింటాళ్ల వడ్లు పండి, క్వింటాలు 2,300కు అమ్మితే వచ్చేది 55 వేలు. దారిలో ఆవిరైంది, ఇంకింది నేను కలపలేదు.

ఇది నోట్‌బుక్ వెనక పేజీ లెక్క. అన్ని నీళ్లూ మేడిగడ్డ నుంచే ఎత్తాలని లేదు, మధ్యలో వాన నీళ్లు కూడా కలుస్తాయి. అయినా వరుస అర్థమవుతుంది. తర్వాత 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి, ఆ సంగతి అందరికీ తెలుసు. ఒక్క బొట్టును ఇంత ఎత్తుకు మోసుకొచ్చేముందు, ఊరికే వచ్చిన బొట్టును పట్టుకునే జాగా ఎందుకు పోయింది అని అడగాలి కదా? నిజాంసాగర్‌లో పోయిన 12 టీఎంసీల జాగాకు మోటరు అక్కర్లేదు, కరెంటు బిల్లు రాదు.

కట్ట కింది మంజీర

నిజాంసాగర్ నుంచి కందకుర్తి దాకా ఉన్న నది గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడ కనిపించేది ఇసుకే. నీళ్లు లేని నది జనం కళ్లకు ఇసుక గని అవుతుంది. బీర్కూర్, బిచ్కుంద వైపు లారీలు, ట్రాక్టర్లు వరుస కడతాయి. హైదరాబాద్‌లో లేచిన చాలా గోడల్లో మా నది ఉంది. అంటే నగరం మా నదిని తాగడమే కాదు, అందులో నివసిస్తోంది కూడా.

ఇక్కడ కూడా పూడిక లెక్కే పని చేస్తుంది. పైనుంచి కొట్టుకొచ్చే ఇసుకనూ మట్టినీ జలాశయాలు ఆపేస్తాయి. కింద ఉన్న ఇసుక కట్టలు కట్టకముందు వేల ఏళ్లలో పేరుకున్న పాత నిల్వ. చిన్న వాగులు తెచ్చేది కొద్దిగా ఉంటుంది, అంతే. తీసినంత వేగంగా అది తిరిగి రాదు. ఇసుక పొర స్పాంజిలాంటిది, వరద నీళ్లను పట్టి ఉంచి ఒడ్డు ఊళ్ల బావులకు, బోర్లకు మెల్లగా ఇస్తుంది. ఇసుక పోతే నది పక్కన ఉండి కూడా బోరు ఎండిపోతుంది. పైన జలాశయంలో అక్కర్లేని మట్టి నిండుతోంది, కింద నదిలో కావాల్సిన ఇసుక ఖాళీ అవుతోంది.

కింద నీళ్లు లేవు కదా అని నదిని మరిచిపోతే అది ఊరుకోదు. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో కుండపోత కురిసినప్పుడు చూశాం. మంజీరకు నీళ్లిచ్చే ఆలేరు వాగు మీద వందేళ్ల కిందటి పోచారం ప్రాజెక్టు పైనుంచి వరద దుంకింది, కట్ట తెగుతుందేమో అని జనం వణికారు. కట్ట నిలబడింది. నిజాంసాగర్ గేట్లు రోజుల తరబడి తెరిచే ఉంచారు. కింద పొలాలు మునిగాయి. ఎండిన నది అని ఒడ్డు దాకా నాట్లు వేసినవాళ్లకు నష్టం ఎక్కువ.

లెక్క చూసుకుందాం

ఇప్పటిదాకా చెప్పింది ఒకచోట పెడితే ఇట్లా ఉంటుంది. నిజాంసాగర్ మా కరువు తీర్చి మునిగిన పల్లెల మీద భారం వేసింది. సింగూరు నగరం దాహం తీర్చి ఆ భారం మా ఆయకట్టు మీద వేసింది. మా కాల్వ మొదలు దాన్ని కాల్వ చివరికి పంపింది. ఎత్తిపోతలు దాన్ని కరెంటు బిల్లులోకి పంపాయి. మిగిలింది కట్ట కింది నది భరిస్తోంది. దాని తరఫున మాట్లాడటానికి ఎవరూ లేరు కాబట్టి అది గొడవ చేయదు.

కట్టలు కట్టకూడదని నేను అనను. ఆ కట్ట లేకపోతే మా ఇంట్లో నేను ఇంజనీరింగ్ దాకా వచ్చేవాణ్నే కాదేమో. నేను అడిగేది మూడే. ఒకటి, కొత్త పథకాలకు పెట్టే శ్రద్ధలో కొంత పాత జలాశయంలో పూడిక కొలవడానికి, తీయగలిగినంత తీయడానికి, పై పొలాల్లో మట్టి కొట్టుకుపోకుండా గట్లు, చెట్లు పెట్టడానికి పెట్టాలి. రెండు, కాల్వలో ఎప్పుడు ఎన్ని నీళ్లు వస్తాయో మొదటి రైతుకూ చివరి రైతుకూ ఒకేసారి తెలియాలి. మూడు, యాసంగిలో ప్రతి ఎకరం వరే ఎందుకు అన్న ప్రశ్న ఇంట్లో కూడా అడగాలి. మా ఇంట్లో అడిగిన. "వరికైతే కొనుగోలు కేంద్రం ఉంది, పెసర్లు వేస్తే నువ్వు కొంటవా?" అన్నాడు నాన్న. జవాబు నా దగ్గర లేదు. కానీ ఆ ప్రశ్న నాన్న ఒక్కడిది కాదు, కొనేవాళ్లందరిదీ.

చివరగా, పాఠం అన్నాను కాబట్టి ఇంటిపని కూడా ఉండాలి. ఈ సెలవుల్లో మీ ఊరికి పోయినప్పుడు మీ నల్లా నీళ్లు, మీ పొలం నీళ్లు ఎక్కడ పుట్టి, ఎన్ని కట్టలు దాటి వస్తున్నాయో ఒక కాగితం మీద గీయండి. మీ దగ్గరి చెరువుదో, ప్రాజెక్టుదో కట్టినప్పటి సామర్థ్యం ఎంత, ఇప్పుడెంత అని అడిగి పక్కన రాయండి. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎవరి పొలంలో ఉందో కూడా కనుక్కోండి. వచ్చే సంచికకు పంపితే అన్నీ ఒకచోట వేద్దాం. మన క్లాసు ఒక్కటి చేసినా తెలంగాణలో సగం నదులు వస్తాయి. అప్పుడు "మీ ఊరి నది ఏది?" అని అడిగితే పేరుతోపాటు లెక్క కూడా చెప్పొచ్చు.